ఎర్రమంచి వాకిలి దాకా: పెనుకొండ కోటలో ఒక శనివారం

పెనుకొండ కోటను చూడాలన్న కోరిక నాకు చాలా కాలంగా ఉన్నది. హిందూపురం బెల్లం మండీలో పగలు గుమాస్తాగా పనిచేస్తూ, రాత్రి బడిలో చదివి, నా కొడుకు వయసు పిల్లల నడుమ పరీక్ష గదిలో కూర్చుని ఎస్.ఎస్.ఎల్.సి. పూర్తి చేసినవాడిని నేను. ఆ చదువులో చరిత్ర నాకు అన్నింటికంటె ప్రియమైన పాఠం. విజయనగరం కూలిన తరువాత రాజులు పెనుకొండను రాజధాని చేసుకున్నారని చదివిన నాడు, రైలులో ఇంత దగ్గరగా ఉన్న కోటను నడివయసు వచ్చినా చూడలేకపోయానే అని చిన్నతనంగా తోచింది. అయినా ఈ ఫాల్గుణ మాసంలో నేను అక్కడికి వెళ్ళినది చరిత్ర కోసం కాదు. నా చెల్లెలు నారాయణమ్మ ఆ కోట వాకిట ప్రమాణం చేయవలసి వచ్చింది. కోటను చూడటం ఆ పని వెంట దొరికిన భాగ్యం. ఆ దారిన పోదలచిన పాఠకులకు ఉపయోగపడుతుందని రెండింటినీ కలిపే వ్రాస్తున్నాను. విడదీసి వ్రాయడం నాకు సాధ్యం కాలేదు.

చెల్లెలి అత్తవారి ఊరు ధర్మవరం నుండి ముదిగుబ్బ పోయే దారిలో, బస్సు దిగి రెండు మైళ్ళు నడవవలసిన పల్లె. ఆమె భర్త రామప్ప పోయిన వానకాలంలో జ్వరంతో కాలం చేశాడు. పదేళ్ళ కొడుకు ఒక్కడే సంతానం. రామప్ప, అతని తమ్ముడు గంగప్ప భూమి పంచుకున్నప్పుడు బావి గంగప్ప భాగంలోకి పోయింది. బావిని ఆనుకుని ఉన్న తోట మాత్రం రామప్పకు వచ్చింది. వారానికి రెండు రోజులు, మంగళవారం, శుక్రవారం, ఆ తోటకు కపిల తోలుకోవచ్చునని గంగప్ప తన అన్నకు మాట ఇచ్చాడు. కపిల అంటే ఎద్దులతో తోలు బానను బావిలోకి దించి నీరు తోడే పద్ధతి. ఆ ప్రాంతంలో ఇంకా అదే ఆధారం. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. ఆ మాట అన్న ఉన్నంత కాలానికేనా, ఆ తరువాతకు కూడానా అన్నదే తగాదా. తాను ఉన్నా లేకున్నా ఆ రెండు దినాల నీళ్ళు తోటవేనని రామప్ప భార్యతో చెప్పి పోయాడు. అన్న ఉన్నన్నాళ్ళకే అన్నానని గంగప్ప అంటున్నాడు. శివరాత్రి వెళ్ళినప్పటి నుండి అతడు వదిన ఎద్దులను బావి గట్టు ఎక్కనివ్వలేదు. తోటలో మిరప వాడు ముఖం పట్టింది. ఇంకొక పది రోజులు నీరు లేకపోతే ఆ ఏటి పంట పోయినట్లే.

పత్రం లేని మాటకు మా వైపు రైతులలో ఒక తీర్పు ఉన్నది. హక్కు అడిగేవారు తలమీదుగా నీళ్ళు పోసుకుని, తడిబట్టలతో ఆంజనేయుని ముందు నిలబడి, తమలపాకు మీద వెలుగుతున్న కర్పూరాన్ని అరచేతితో ఆర్పి, ఇది నిజం అని పలకాలి. ఆర్పితే హక్కు వారిది. పలికినది అబద్ధమైతే కడుపున పుట్టినవారికి తగులుతుందని నమ్మకం. ఒక తగాదాకు కర్పూరం ఒక్కసారే వెలిగించాలి. మరునాడు మరొకసారి అనడానికి వీలు లేదు. చెల్లెలి అత్తవారి వంశంలో ఇటువంటివి పెనుకొండ కోట ఎర్రమంచి వాకిలిలోని ఆంజనేయుని ముందే, అదీ పొద్దు పడమటికి వాలక ముందే జరగాలని ఆనవాయితీ. వదిన ఆ వాకిట కర్పూరం ఆర్పితే తాను మారు మాట్లాడనని గంగప్ప కబురు చేశాడు. సాక్షిగా నన్ను రమ్మన్నది కూడా అతడే. ఎదుటి పక్షపు మనిషినైన నన్ను నమ్మడం నా చదువుకు దక్కిన గౌరవమని నేను భావించాను. పలకవలసిన మాటను సందేహానికి చోటు లేకుండా నేనే కూర్చి ఇద్దరికీ ముందుగా తెలియజేశాను: “బావి గట్టు మీద అన్నదమ్ముల మధ్య జరిగిన మాట, అన్న పోయిన తరువాత కూడా రెండు దినాల నీళ్ళు తోటకు పారాలన్నదే. ఇది జరిగింది. ఇది నిజం.”

నాతో కలిసి పోవాలని రెండు రోజుల ముందే మా ఇంటికి వచ్చిన చెల్లెలూ నేనూ శనివారం తెల్లవారి హిందూపురం స్టేషనులో ధర్మవరం పోయే పాసింజరు ఎక్కాము. మూడవ తరగతి టిక్కెట్టు మనిషికి పది అణాల లోపే అయింది. కొత్త పైసలు వచ్చినా మాకు ఇంకా అణాలలోనే లెక్క తోస్తుంది. బండి మలుగూరు దాటే వరకు తీరుబడిగా నడుస్తుంది కనుక కిటికీ పక్కన చోటు దొరికితే కొండలన్నీ చక్కగా చూడవచ్చు. చెల్లెలు ముందురోజు సాయంత్రం నుండి ఏమీ తినలేదు. ప్రమాణం అయ్యే వరకు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనన్నది. ఆమె ఒడిలో కర్పూరం, తమలపాకులు, ఒక పొడి చీర కట్టిన మూట ఉన్నది.

ఎదుటి బల్ల మీద చిలమత్తూరు నుండి వస్తున్న ఒక అవ్వ చింతపండు బుట్టతో కూర్చున్నది. “యాడికి పోతాండారమ్మా, అన్నాచెల్లెండ్లు?” అని అడిగింది.

“పెనుకొండ కోట చూడటానికి” అన్నాను.

“కాదవ్వా, ప్రమాణానికి” అన్నది నారాయణమ్మ.

పక్కన కూర్చున్నవారు ఇటు తిరిగారు. అవ్వ బుట్టను కాస్త తన వైపు జరుపుకుని, “ఎంతమంది బిడ్డలు?” అన్నది.

“ఒక్కడే.”

“ఒక్కడేనా” అన్నది అవ్వ. మేము దిగేటప్పుడు నా వైపు తిరిగి, “అప్పా, చదువుకున్నోని మాదిరి ఉండావు. తోడుండు” అన్నది.

పెనుకొండ స్టేషను ఊరికి కొంత ఎడంగా ఉన్నది. బయట జట్కాలు ఉంటాయి. రాకపోకలకు కలిపి ముందుగానే మాట్లాడుకోవడం మేలు. లేకపోతే తిరుగు ప్రయాణంలో ఎండలో నడవవలసి వస్తుంది. మాకు దొరికిన జట్కా ఖాదర్ సాయిబుది. నడిమి వయసు మనిషి, మాటకారి. రూపాయిన్నరకు రోజంతా ఉంటానన్నాడు. నేను అర్ధరూపాయి తగ్గించమన్నాను.

“తగ్గిస్తే గుర్రం ఒప్పుకోదు సార్. దానికి దుడ్ల లెక్క నాకంటే బాగా తెలుసు” అన్నాడు. గుర్రం అప్పుడే తల ఊపింది. “చూసినారా?”

చెల్లెలు ఆ ఉదయం మొదటిసారి నవ్వింది. నేను రూపాయిన్నరకు ఒప్పుకున్నాను.

గంగప్ప ధర్మవరం నుండి వచ్చే బండిలో దిగాలి. ఆ బండి రావడానికి ఇంకా రెండు గంటలకు పైగా వ్యవధి ఉన్నది. ఆ సమయాన్ని కోట చూడటానికి వినియోగించాము. పెనుకొండను చూడవచ్చేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఇది ఒక గుట్ట మీద ఒంటరిగా నిలిచిన కోట కాదు. ఊరికి ఊరే కోటలో ఉన్నది. గోడల వరుసలు కొండ పక్కల నుండి దిగివచ్చి ఇండ్లను, చేలను, గుడులను, మసీదులను చుట్టుకుంటాయి. కొన్నిచోట్ల కోటగోడ రాళ్ళకు పిడకలు ఎండుతున్నాయి. కొన్నిచోట్ల అదే గోడ ఒక ఇంటికి వెనుక గోడ అయింది. ఊరి నడుమ రామునికి, ఈశ్వరునికి పక్కపక్కనే రెండు ఆలయాలు ఉన్నాయి. రామాలయం గోడల మీద రామాయణ కథ రాతిలో వరుసగా చెక్కబడి ఉన్నది. నేను ఒక్కొక్క శిల్పం దగ్గర ఆగి, ఇది సేతుబంధనం, ఇది వాలి వధ అని చెల్లెలికి వివరించాను. ఆమె విన్నది కాని, కన్నులు గోడ మీద లేవు.

అక్కడి నుండి గగనమహలుకు వెళ్ళాము. రెండు అంతస్తుల మేడ. తలుపుల మీద కమానులు, లోపల ఇరుకైన రాతి మెట్లు. కావలివాడిని మర్యాదగా అడిగితే పైకి పోనిచ్చాడు. పై అంతస్తులో గాలి చల్లగా వీస్తున్నది. ఒక వైపు కొండ, దాని మీద వంకర తిరుగుతూ పోయే బురుజులు, మరొక వైపు ఊరు, ఊరి అవతల స్టేషను దారి. విజయనగరపు సిరి అంతా ఏనుగుల మీద ఈ వాకిళ్ళ గుండానే వచ్చిందని నేను చెబుతున్నాను. నారాయణమ్మ స్టేషను దారి మీదనే చూపు నిలిపి, ఉన్నట్టుండి అన్నది.

“అన్నా, ఆ మాట పుట్టినప్పుడు నేను ఆడ లేను.”

నాకు మొదట అర్థం కాలేదు.

“బావి గట్టు మీద వాళ్ళిద్దరే ఉండారు. నాకు ఆయప్ప చెప్పినాడు, అంతే. జ్వరంలో ఉన్నప్పుడు చెప్పినాడు. నీళ్ళు మనవే, గంగడు మాటిచ్చినాడు, నేనున్నా లేకున్నా అని. నా చెవులతో నేను గంగప్ప నోట విన్ల్యా.”

“రామప్ప అబద్ధం చెప్పే మనిషి కాదు” అన్నాను.

“కాదు. నేను నమ్మినాను. నమ్మినానని ఆర్పమంటే ఇప్పుడే ఆర్పుతా. నువ్వు కట్టిచ్చిన మాటలో జరిగింది అని ఉండాది. జరిగింది అని ఎట్లంటా?”

నేను కూర్చిన మాటలో సందు లేకుండా చూసుకున్నానని అంతకుముందు వరకు తృప్తిగా ఉన్నది. ఇప్పుడు ఆ సందు లేకపోవడమే ఆమెకు ఊపిరి ఆడకుండా చేస్తున్నది. కర్పూరం చెట్టు నుండి తీసే పదార్థమనీ, దానికి వెలగడం, ఆవిరి కావడం తప్ప మరొక గుణం లేదనీ, దానివల్ల ఎవరికీ ఏమీ కాదనీ నేను చెప్పాను. విజ్ఞానశాస్త్రం చదివినవాడిగా అది నా కర్తవ్యమనుకున్నాను. భర్త మాటను నమ్మి పలికితే దోషం కాదని కూడా చెప్పాను.

“నీకు అది కర్పూరం, అన్నా. నాకు పిల్లోడు” అన్నది. కొంచెం ఆగి, “ఆర్పకపోతే తోట పోతాది. తోట పోతే వాన్ని ఏం పెట్టి సాకేది? మూడు వారాలుగా తొండం కొట్టంలోనే వేలాడతాండాది. ఎలుకలు కొరికి పెట్టినాయి” అన్నది. తొండం అంటే కపిల బానకు అడుగున ఉండే తోలు గొట్టం. బాన పైకి వచ్చినప్పుడు నీరు దాని గుండానే కాలువలోకి పడుతుంది.

“మరి ఏం చేస్తావు?”

“తెలీదు. గంగప్ప మొగం చూసినాక తెలుస్తాదేమో.”

కిందికి దిగేటప్పుడు మెట్ల చీకటిలో ఆమె నా భుజం పట్టుకున్నది. ఆర్పితే కొడుకు, ఆర్పకపోతే తోట. ఆ రెండింటి నడుమ నా చెల్లెలిని నిలబెట్టిన వాక్యం నాదే. దానిని మార్చవచ్చునా అని ఆలోచించాను. కాని గంగప్ప ఆ మాటల మీదనే ఒప్పుకుని వస్తున్నాడు. సాక్షిగా పిలిపించుకుని, చివరి గడియలో ఒక పక్షానికి అనుకూలంగా మాట మార్చినవాడిని ఎవరు నమ్ముతారు?

జట్కాలో ఎర్రమంచి వాకిలికి చేరుకున్నాము. పెద్ద పెద్ద రాళ్ళను సున్నం లేకుండా పేర్చి కట్టిన వాకిలి అది. దారి నేరుగా పోక మలుపు తిరిగి లోపలికి పోతుంది. ఏనుగులతో తలుపులు పగలగొట్టేందుకు వచ్చే శత్రువు వేగం ఆ మలుపులో తగ్గిపోవాలని అలా కట్టారు. లోపల ఆంజనేయుడు మనిషి ఎత్తుకు దాదాపు రెండింతలు ఉంటాడు. శనివారం కనుక సింధూరం కొత్తగా పూశారు. పొద్దు నడినెత్తికి దగ్గరవుతున్నా గంగప్ప రాలేదు. బండి ఆలస్యమైందని తరువాత తెలిసింది. చెల్లెలు రాతి అరుగు మీద కదలకుండా కూర్చున్నది. ఖాదర్ సాయిబు కూజాలోని నీళ్ళు ఇవ్వబోతే చేతులు జోడించి వద్దన్నది.

“రాకపోతే మంచిదే కదా సార్. రానోడు ఓడినట్లే కదా?” అని, దారిలో మా సంగతి విన్న అతడు నా చెవిలో అన్నాడు.

నాకూ ఆ ఆశ కలిగిన మాట నిజం. నీడ గోడ మొదటికి కుంచించుకుపోతున్న వేళ దారి మలుపులో గంగప్ప కనిపించాడు. స్టేషను నుండి నడిచే వచ్చాడు. తెల్లని పంచె, భుజం మీద తువాలు, కాళ్ళనిండా దుమ్ము. ముప్పయ్యయిదేళ్ళ దిట్టమైన మనిషి. వదిన వైపు చూడకుండా నాతో, “ఏం బావా, కోట అంతా చూసినావా?” అన్నాడు.

“చూశాను. గంగప్పా, నీడలో కూర్చుని మనమే మాట్లాడుకోకూడదా? కర్పూరం దాకా ఎందుకు?”

“కూర్చున్యాం బావా. మూడుసార్లు కూర్చున్యాం. ఆయమ్మ అంటాది నీళ్ళు నాయి అని. నేనంటా కాదని. ఇంగేం మాట్లాడేది?” అన్నాడు. తరువాత గొంతు తగ్గించి, “నాకూ ముగ్గురు పిల్లోళ్ళుండారు. ఆ బావిలో నీళ్ళు ఎన్నుండాయో నీకేమెరిక? మాఘంలోనే అడుగు కనపడింది” అన్నాడు.

అతడి మాటలో దుర్మార్గం లేదు. అదే నన్ను మరింత భయపెట్టింది. దుర్మార్గుడైతే చివరికి తప్పుకుంటాడని ఆశ ఉండేది.

వాకిలికి కూతవేటు దూరంలో పాత కోట బావి ఉన్నది. నీరు నిలువులోతున కనిపిస్తున్నది కాని, తాడు లేదు, చేద లేదు. మేము ఆ సంగతి ఊహించలేదు. స్నానం లేకుండా ప్రమాణం లేదు, పొద్దు చూస్తే వాలడానికి సిద్ధంగా ఉన్నది. ఖాదర్ సాయిబు జట్కా నుండి గుర్రాన్ని కట్టే పొడవైన తాడు, గుర్రానికి నీళ్ళు పెట్టే బకెట్టు తెచ్చి కడిగి ఇచ్చాడు. నేను బకెట్టు దించి లాగబోయాను. మండీలో కలం పట్టిన చేతులకు తాడు జారిపోయి, బకెట్టు గోడకు కొట్టుకుని సగం నీళ్ళు బావిలోనే పడ్డాయి.

“ఇట్లియ్యి బావా. నీకు రాదులే” అని గంగప్ప తువాలు నడుముకు చుట్టి తాడు అందుకున్నాడు.

అతడు తోడాడు. రెండు చేతులూ మార్చి మార్చి, తొణకకుండా, నిండు బకెట్టు గట్టు మీద పెట్టి వెనుకకు తిరిగి నిలబడ్డాడు. నారాయణమ్మ తలమీదుగా పోసుకున్నది. ఖాళీ బకెట్టు మళ్ళీ గట్టు మీద పెట్టింది. అతడు మళ్ళీ తోడాడు. మూడు బకెట్లు అయ్యాయి. వారాల తరబడి ఆమెకు నీరు కట్టేసిన చేతులే ఆమె కోసం నీరు తోడుతుంటే చూడటం నాకు కష్టంగా ఉన్నది. గంగప్పకు ఏమనిపించిందో నేను చెప్పలేను. మూడవ బకెట్టు తరువాత తాడును అవసరమైన దానికంటె చాలా సేపు చుట్టలు చుట్టాడు.

తడిచీరతో ఆమె ఆంజనేయుని ముందు నిలబడింది. నేను తమలపాకు మీద కర్పూరం బిళ్ళ పెట్టి వెలిగించి రాతి మీద ఉంచాను. గాలి లేదు. మంట నిటారుగా నిలిచింది. సాక్షిగా నేను కూర్చిన వాక్యాన్ని బిగ్గరగా పలికాను.

నారాయణమ్మ చేయి చాచింది. మంట మీద అరచేయి ఆగింది. కింద పడుతున్న నీటి చుక్కలు రాతి మీద మచ్చలుగా కనిపిస్తున్నాయి. అప్పుడామె చేయి వెనుకకు తీసుకున్నది.

“గంగప్పా” అన్నది. “మీ అన్న నాతో చెప్పినాడు. అది నిజం. దానికి ఆర్పమంటే ఆర్పుతా. కానీ బావి గట్టు మీద నువ్వేం చెప్పినావో నేను విన్ల్యా. విన్నోళ్ళు ఇద్దరే. ఒకరు పోయినారు. ఇంగ ఉండేది నువ్వొక్కడివే.” ఆకు పట్టి కర్పూరాన్ని అతడి వైపు జరిపింది. “అన్న ఉన్నన్నాళ్ళే అన్నావు గదా. అదే మాట చెప్పి నువ్వే ఆర్పు. ఆర్పితే నేను ఇట్నుంచి ఇట్లే మీ బావి దావ మరిచిపోతా.”

హక్కు అడిగేవారే ఆర్పాలన్నది ఆచారం. అది నియమానికి విరుద్ధమని సాక్షిగా నేను చెప్పవలసి ఉన్నది. చెప్పలేదు.

గంగప్ప మంటను చూశాడు. చేయి పైకి లేచి, నడుముకున్న తువాలును తాకి అక్కడే ఆగిపోయింది. ఖాదర్ సాయిబు దూరంగా గుర్రం మెడ పట్టుకుని నిలబడ్డాడు. బిళ్ళ కరిగి పలుచనైంది. మంట పొట్టిదైంది, నీలమైంది. ఆకు అంచు కమిలి ముడుచుకున్నది. చివరికి మంట తనంతట తానే పోయింది. ఎవరూ ఆర్పలేదు. ఆకు మీద నల్లని మరక తప్ప ఏమీ మిగలలేదు.

“మళ్ళా వెలిగించకూడదు” అన్నాడు గంగప్ప. అంతే. బకెట్టు తీసుకుని సాయిబుకు ఇవ్వడానికి వెళ్ళాడు.

ఏమి తేలిందో నాకు తెలియలేదు. ఆమె ఆర్పలేదు కనుక హక్కు ఓడినట్లా? అతడు ఆర్పలేదు కనుక గెలిచినట్లా? నారాయణమ్మ పొడిచీర కట్టుకుని వచ్చి జట్కాలో కూర్చున్నది. గంగప్ప ముందువైపు సాయిబు పక్కన ఎక్కాడు. ఖాదర్ సాయిబు అంతటి మాటకారి కూడా ఊరిలోకి వచ్చే వరకు గుర్రంతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు.

బస్సులు ఆగే చోట చిన్న హోటలు ఉన్నది. ఆలస్యంగా వెళ్ళినా బొరుగులతో చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు దొరుకుతాయి. ముగ్గురికి రూపాయి లోపే సరిపోతుంది. మేము ముగ్గురమూ మూడు బల్లల మీద కూర్చున్నాము. వంటమనిషి లావుపాటి ఆయన, పొయ్యి దగ్గర నుండి మమ్మల్ని చూసి, “ఏమబ్బా, ముగ్గురొచ్చినారు, మూడు దిక్కుల కూర్చున్యారు. కోట చూసేకి వచ్చినారా, పంచుకునేకి వచ్చినారా?” అన్నాడు.

ఆయన మూడు ఆకులలో వడ్డించి, చెల్లెలి ఆకులో అడగకుండానే మరొక గరిటెడు వేసి, “ఈయమ్మ నిన్నటి నుంచి తిన్నట్లు లేదు. తినమ్మా” అన్నాడు. ఆమె తలవంచుకుని తిన్నది. గంగప్ప సగం తిని లేచి చేయి కడుక్కున్నాడు.

మధ్యాహ్నం బండిలో చెల్లెలు, గంగప్ప ధర్మవరం పోవాలి. సాయంత్రం బండిలో నేను హిందూపురం పోవాలి. ఈ ఏర్పాటు ఇంటి దగ్గర ఉన్నప్పుడు సరిగానే తోచింది. ఇప్పుడు ఆమెను అతడి వెంట పంపడానికి మనసొప్పలేదు. నేను కూడా వస్తానన్నాను.

“వద్దన్నా. ఇంటికేగా పోతాండా” అన్నది. “రేపు కూడా ఆ ఊర్లోనే ఉండాల్సినోళ్ళం. రేపు నువ్వుండవు కదా.”

బండి వచ్చింది. ఆమె ఆడవారి పెట్టెలో ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నది. గంగప్ప వెనుక పెట్టె వైపు నడిచాడు. నాలుగు అడుగులు పోయి ఆగాడు. తిరిగి వచ్చి ఆమె కిటికీ కింద నిలబడి, ఎటో ఇంజను వైపు చూస్తూ అన్నాడు.

“వదినా. మీ తొండం చినిగిండాది. మొన్న మీ కొట్టంలోకి తొంగి చూసినాను. మంగళవారం లోపల కుట్టిచ్చుకో. చినిగిన తొండంతో తోల్తే సగం నీళ్ళు మళ్ళా బాయిలోకే పోతాయి.”

ఆమె కిటికీ కమ్మీ పట్టుకున్న చేతి మీద తల ఆనించింది. బండి కదిలే వరకు ఎత్తలేదు. గంగప్ప పరుగెత్తి తన పెట్టె ఎక్కాడు.

సాయంత్రం బండి వచ్చే వరకు నేను ఆ ప్లాట్‌ఫారం బల్ల మీదనే కూర్చున్నాను. ఎదురుగా కొండ, దాని మీద కోటగోడలు ఎర్రబడి, తరువాత నల్లబడ్డాయి. రాజులు తమ ధనాన్ని కాపాడుకోవడానికి వరుసలు వరుసలుగా గోడలు కట్టించారు, వాకిళ్ళను మలుపులు తిప్పారు. నేనూ నా వాక్యాన్ని అలాగే, ఎవరూ తప్పించుకోలేనట్లుగా కట్టాను. దాని గుండా నారాయణమ్మ పోలేదు, దానిని కూల్చనూ లేదు. తాను విన్నది ఎంతవరకో అంతవరకే చెప్పి, మిగిలినది విన్నవాడి చేతికి ఇచ్చింది. గంగప్ప కూడా ఓడిపోయానని అనలేదు. అనవలసిన అవసరం లేకుండా మంగళవారం పేరు చెప్పాడు. మరుసటి వారం ధర్మవరం మీదుగా ముదిగుబ్బ వైపు వెళ్ళిన మండీ బండివాడు ఆ తోట పక్కగా వచ్చాడు. మంగళవారం పొద్దున కపిల తోలే పాట వినిపించిందనీ, కాలువలో నీరు పారుతున్నదనీ చెప్పాడు. పెనుకొండలో నేను చూసిన శిల్పాలు, మేడలు, బురుజులు అన్నీ నా మనసులో ఉన్నాయి. వాటి కంటె స్పష్టంగా ఉన్నది మాత్రం ఆ మంట తనంతట తాను పోయిన చోటు, ఆకు మీది మరక.

చివరగా, వెళ్ళదలచినవారికి ఒక మాట. కోటలో బావులు చాలా ఉన్నాయి, వేసవిలో కూడా నీరు ఉంటుంది. కాని ఏ బావి దగ్గరా తోడుకోవడానికి ఏమీ ఉండదు. మీ వెంట ఒక చెంబు, పొడవైన చేంతాడు తప్పక తీసుకువెళ్ళండి. తాడు లాగడం బాగా తెలిసిన మనిషి ఒకరు తోడుంటే మరీ మంచిది.